రేకుల గోడ మీంచి వచ్చిన బొమ్మ

మా బాబాయి కేబుల్ ఆఫీసులో నా పని ఫోనెత్తడం. "బొమ్మ రావడం లేదమ్మా", "గొంతు వస్తోంది గానీ మనిషి కనపడ్డం లేదు", "సినిమా సగంలో పోయింది, ఇంతకీ ఆ పిల్ల బతికిందా లేదా, కాస్త కనుక్కుని చెప్పు" - ఇలాంటివన్నీ ఓపిగ్గా వినాలి, పుస్తకంలో రాసుకోవాలి, లైన్‌మన్‌ని పంపాలి. పదకొండేళ్ళు ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

బాబాయంటే మా నాన్నకి సొంత తమ్ముడు. ఒక నిచ్చెన, రెండు చుట్టల వైరు, అరువు తెచ్చుకున్న ధైర్యంతో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. నేను చేరేనాటికి ఊళ్ళో మూడొంతుల ఇళ్ళకి ఆయన వైరే. తొంభై చానళ్ళు. ఊరందరూ ఆయన్ని 'డిష్షుగారు' అనేవారు. ఆ పేరు వినపడితే ఆయన నడక కొంచెం మారేది.

ఊరికి పడమట కొండ ఉంది. దాని మీద ఎరుపూ తెలుపూ చారల టవరు. అక్కణ్ణించి మూడు చానళ్ళు గాల్లో వచ్చేవి, ఉచితంగా. నెలనెలా ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు, డాబా మీద ఏంటెన్నా ఉంటే చాలు. కానీ తొంభై ఉండగా మూడెవరికి కావాలి? పాత ఏంటెన్నాలు కాకులు వాలడానికీ, తడి బట్టలు ఆరేసుకోవడానికీ పనికొచ్చేవి.

ఆ టవరు దగ్గర ఒకే ఒక్క ఉద్యోగి ఉండేది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, జుట్టు బిగించి ముడేసుకుని, భుజానికి బరువైన గుడ్డసంచీతో రోజూ పొద్దున్నే కొండ మెట్లెక్కుతూ కనపడేది. ఆవిడ అసలు పేరు కొద్దిమందికే తెలుసు. అందరికీ ఆవిడ 'టవరమ్మ'. యంత్రాన్ని నడిపేదీ, తుడిచేదీ, పాడైతే బాగుచేసేదీ, చివరికి గది ఊడ్చుకునేదీ ఆవిడే.

ఒకరోజు పోస్టుమన్ మా ఆఫీసులో టీ తాగుతూ చల్లగా కబురు చెప్పాడు. టవరమ్మకి పైఆఫీసు నించి ఉత్తరం వచ్చిందట. టవరు బొమ్మని నేరుగా అందుకునే ఇళ్ళు కనీసం రెండు వందలుండాలి, లేకపోతే ఏడాది చివర్లో టవరు మూసేస్తారు, మూడు నెలల్లో అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు అని. అప్పటికి ఊరు మొత్తం మీద అలాంటి ఇళ్ళు నూటనలభై కూడా ఉండవు.

బాబాయి నవ్వాడు. "పాపం. ఇంకో ఊళ్ళో పోస్టింగిస్తార్లే. ఇక్కడ ఈగలు తోలుకోవడం కంటే అదే నయం."

అక్కడితో మేం ఆ మాట మర్చిపోయాం. ఆవిడ మర్చిపోలేదు.

నెల తిరిగేసరికి నాకు కొత్తరకం ఫోన్లు మొదలయ్యాయి. "మా లైను తీసేయండమ్మా." ఎందుకండీ అంటే, "ఏం లేదులే, అవసరం లేదిప్పుడు." ఒకటి, రెండు, వారంలో పద్నాలుగు. అన్నీ పల్లపు వీధి నించే.

అది వినగానే మా సీనియర్ లైన్‌మన్ పగలబడి నవ్వాడు. సన్నగా పొడుగ్గా ఉంటాడని అతన్ని అందరూ 'నిచ్చెన' అంటారు. "పల్లపు వీధికి టవరు బొమ్మెలా వస్తుందండీ? కొండ భుజం అడ్డం కదా! అక్కడ నిలబడితే టవరు కొసకూడా కనపడదు."

అది నిజమే. పల్లపు వీధి ఊరికి చిట్టచివర, కొండ భుజం కింద గిన్నెలో పడ్డట్టుంటుంది. మా వైరుకీ అదే చివర. లైను పొడుగు సాగేకొద్దీ బొమ్మ పలచబడుతుంది కాబట్టి ఫిర్యాదుల్లో సగం ఆ వీధివే.

"మరి తీసేయమంటున్నారంటే ఏదో ఉంది. నిప్పు లేందే పొగ రాదు," అన్నాడు బాబాయి. "ఏమ్మా, నువ్వోసారి వెళ్ళి చూసిరా. నిచ్చెనైతే అందరూ గుర్తుపడతారు. నిన్నెవరూ చూళ్ళేదు కదా."

అలా గూఢచారిగా బయల్దేరాను.

పల్లపు వీధిలో అడుగుపెట్టగానే ఒక పెంకుటింటి పక్క డాబా మీద టవరమ్మ కనిపించింది. చీర కొంగు నడుముకి చుట్టి, అల్యూమినియం గొట్టాలతో తనే చేసిన ఏంటెన్నాని ఇనప గొట్టానికి బిగిస్తోంది. కింద వాకిట్లో ఒక మామ్మ తల పైకెత్తి నిలబడింది. లోపల టీవీలో ఉత్త చుక్కలు, బుస్సుమనే చప్పుడు.

నన్ను ఆశ్చర్యపరిచింది ఏంటెన్నా కాదు, దాని ముఖం. కొండ పడమటనుంటే ఆవిడ దాన్ని తూర్పుకి తిప్పుతోంది. టవరుకి వీపు పెట్టి! ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అలా ఉంది.

"ఇంకొంచెం ఎడమకి తిప్పుతున్నా! చూసి చెప్పండి మామ్మా!" అని అరిచింది పైనించి.

"ఏమీ లేదు... ఏమీ లేదు... ఆఁ! వచ్చె! వచ్చె! మనిషొచ్చాడు! టై కూడా కనపడుతోంది!"

నేను గుమ్మంలోంచి తొంగిచూశాను. వార్తలు చదివేవాడు కళ్ళు కడిగినంత శుభ్రంగా కనిపిస్తున్నాడు. ఒక్క చుక్కగానీ గీతగానీ లేదు.

"ఇదెలా వస్తోంది?" అన్నాను నోరు జారి.

మామ్మ చటుక్కున నా వైపు తిరిగింది. కళ్ళు చిట్లించింది. "ఈ గొంతు నేనెక్కడో విన్నానే! 'రాసుకున్నానండీ, మనిషిని పంపిస్తానండీ' అనే గొంతు కదూ! మూణ్ణెల్లనించీ పంపిస్తున్నావు కదే తల్లీ, ఆ మనిషింకా నడుస్తూనే ఉన్నాడా?"

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. టవరమ్మ డాబా దిగి వచ్చి, చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూసింది. కోప్పడుతుందనుకున్నాను.

"డిష్షుగారి అన్నగారి అమ్మాయివా? చూసి రమ్మన్నారా?"

"అవునండీ." అబద్ధమాడాలనిపించలేదు.

"అయితే సరిగ్గా చూడు. సగం చూసి సగం చెప్తే ఎవరికీ లాభం లేదు." నన్ను డాబా మీదకి తీసుకెళ్ళింది. సంచీలోంచి చేతిలో పట్టేంత మీటరు తీసి, ఏంటెన్నా వైరు దానికి తగిలించింది. "ఇప్పుడు దీన్ని టవరు వైపు తిప్పుతాను. ముల్లు చూడు."

ముల్లు కదల్లేదు.

"కొండ అడ్డం. అంతా చెప్పేదే. ఇప్పుడటు చూడు." మళ్ళీ తూర్పుకి తిప్పింది. ముల్లు ఎగిరి సగం పైకి వెళ్ళి నిలబడింది.

"అక్కడేముందో కనపడుతోందా?"

చూశాను. ఎదుటి మిట్ట మీద ఎత్తయిన గోదాము. ఈ వైపు గోడ మొత్తం జింకు రేకులు. మధ్యాహ్నపు ఎండలో తళతళ మెరుస్తోంది.

"ఆ మిట్టకి టవరు బాగా కనపడుతుంది. బొమ్మ అక్కడికెళ్ళి ఆ రేకులకి తగిలి, బంతి గోడకి కొట్టి వెనక్కొచ్చినట్టు ఈ గిన్నెలో పడుతోంది. ఇరవై రోజులు డాబా డాబా ఎక్కి చూస్తే దొరికింది. ఒక చోట చాకలి బండ మీద నిలబడి మరీ చూశాను, వాళ్ళకి డాబా లేక." అని నవ్వింది. ఆ నవ్వులో గొప్ప లేదు. పోయిన తాళంచెవి దొరికినవాళ్ళ నవ్వది.

ఆ గోదాము మా బాబాయిది. వైరు చుట్టలూ, పాత డిష్షులూ పెట్టుకునేది అందులోనే.

"నాకు తెలుసు ఎవరిదో," అంది ఆవిడ, నేను నోరు తెరిచేలోపే. "రేపు పొద్దున్న మీ ఆఫీసుకొస్తానని చెప్పు."

ఆ సాయంత్రం బాబాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. గోదాము సంగతి మాత్రం చెప్పలేదు. అది ఆవిడ నోటినించే రావాలనిపించింది.

అన్నట్టే మర్నాడు తొమ్మిదింటికల్లా వచ్చింది. బాబాయి లేచి కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోకుండానే మొదలుపెట్టింది.

"డిష్షుగారూ, కొన్నాళ్ళుగా మిమ్మల్నడక్కుండా మీ ఆస్తి ఒకటి వాడుకుంటున్నాను. చెప్పి పోదామని వచ్చాను."

"నా ఆస్తా?"

"మీ గోదాము రేకుల గోడ." నాకు డాబా మీద చెప్పినదంతా ఆయనకీ చెప్పింది. కాగితం మీద కొండ, గోదాము, వీధి గీసి చూపించింది.

బాబాయి కాగితాన్ని చాలాసేపు చూశాడు. "అంటే నా గోడే నాకు పోటీ అన్నమాట."

"అవునండీ."

"ఈ మాట నాకెందుకు చెప్తున్నారు మేడమ్? చెప్పకపోతే నాకు జన్మకి తెలిసేది కాదు."

"మీ గోడ కాబట్టి. రేపు మీరేదో పనికి ఆ రేకులు విప్పితే అరవై ఇళ్ళలో బొమ్మ పోతుంది. మీకు తెలిసి విప్పితే అది మీ ఇష్టం. తెలీక విప్పితే మాత్రం నా తప్పు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "నిజం చెప్పాలంటే... రేకులు తుప్పు పడుతున్నాయి. ఆ వైపు ఇటుక గోడ కట్టించాలని ఇటుకలకి ఎప్పుడో చెప్పాను. ఈ నెల్లోనే వస్తాయి."

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో ఆరిపోయినట్టయింది. మళ్ళీ సర్దుకుంది. "సరేనండీ. ఆ వీధివాళ్ళకి ఈ సంగతి ఇవాళే చెప్పేస్తాను, తర్వాత మోసపోయామనుకోకుండా." సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. బతిమాలలేదు. కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. కనీసం ఆలోచించండి అని కూడా అనలేదు.

నిచ్చెన ఉత్సాహపడిపోయాడు. "ఇటుకలొచ్చేదాకా ఎందుకండీ? రేకులు రేపే విప్పేద్దాం. అధికారి వచ్చేసరికి అంతా సఫా. పోయిన లైన్లన్నీ వాటంతటవే తిరిగొస్తాయి."

బాబాయి ఫిర్యాదుల పుస్తకం తీసి అతని ముందు పెట్టాడు. "ముందు పల్లపు వీధి లైను సంగతి చూడు. మూణ్ణెల్ల ఫిర్యాదులున్నాయట. మనిషింకా నడుస్తూనే ఉన్నాడట," అన్నాడు. మామ్మ మాట నేనే చెప్పాను మరి.

ఆ తర్వాత మూడు వారాలు బాబాయి పనిచేసినట్టు నేనెప్పుడూ చూళ్ళేదు. కొత్తలో కూడా అలా చేసి ఉండడు. వైరు అతుకులున్న పాత కీళ్ళన్నీ కోసి కొత్తవి వేయించాడు. దారిలో బొమ్మకి బలమిచ్చే ఆంప్లిఫైయర్ ఇంకోటి పెట్టించాడు. తొంభై అక్కర్లేనివాళ్ళకి ఇరవై చానళ్ళ చిన్న కట్ట ఒకటి చవగ్గా పెట్టాడు. ఫిర్యాదొస్తే పూట దాటకూడదన్నాడు. ఇన్నాళ్ళూ ఎదురు లేక ఒళ్ళు బద్ధకించిన మనిషి, ఎదుట ఒక సమర్థురాలు నిలబడేసరికి మళ్ళీ పాతికేళ్ళవాడయ్యాడు.

ఆవిడా ఊరుకోలేదు. పల్లపు వీధి చేజారొచ్చని తెలిసి మిగతా ఊరు మీద పడింది. పొద్దున్న కొండ మీద డ్యూటీ, సాయంత్రం డాబాల మీద. కేబుల్ ఉన్న ఇళ్ళని కూడా వదల్లేదు. "వాళ్ళ వైరు తీయద్దు. రెండో టీవీ మేడ మీద మూలపడి ఉందిగా, దానికి నా ఏంటెన్నా పెట్టుకోండి, మీ నాన్నగారు వార్తలు చూసుకుంటారు," అనేది. సామాన్లకి తప్ప చేతికూలి తీసుకోలేదు. ఆడపిల్లలకి, ముసలివాళ్ళకి, ఎవరడిగితే వాళ్ళకి గొట్టం ఎంత పొడుగు కొయ్యాలో, వైరు ఎలా బిగించాలో నేర్పింది. నేర్చుకున్నవాళ్ళు పక్కింటికి చేసిపెట్టారు.

ఇంతలో ఇటుకలు దిగాయి. అధికారి రావడానికి ఇంకా పది రోజులుంది. మేస్త్రీ వచ్చి, "రేకులెప్పుడు విప్పమంటారు?" అని అడిగాడు.

బాబాయి నన్ను పిలిచాడు. "పద. ఆ మామ్మ ఇల్లు చూపించు."

వెళ్ళాం. మామ్మ ఆయన్ని చూసి కొంగు సర్దుకుని, స్టూలు వేసింది. మా కొత్త లైను వల్ల ఆవిడ కేబుల్ మళ్ళీ పెట్టించుకుంది, చిన్న కట్ట. టీవీకి రెండు వైర్లూ ఉన్నాయి.

"మా లైను ఎలా వస్తోందండీ?" అన్నాడు బాబాయి.

"ఇదివరకంటే నయం నాయనా. పాటలకి నీ వైరు పెడతాను. వార్తలకి ఆవిడ వైరు."

"ఏదీ, మార్చి చూపించండి."

మామ్మ ముందు మా వైరు పెట్టింది. బాగానే ఉంది. ఇంత బాగుచేశాక కూడా మనుషుల అంచుల వెంట సన్నని నీడ, లైను చివర ఉన్న ఇళ్ళకి తప్పని నీడ. తర్వాత టవరమ్మ వైరు పెట్టింది.

బాబాయి స్టూలు మీంచి లేచి టీవీ దగ్గరకెళ్ళి వంగి చూశాడు. వెనక్కొచ్చి చూశాడు. బయటికెళ్ళి డాబా మీది గొట్టాలని, ఎదుటి మిట్ట మీద తన గోదాముని, మళ్ళీ గొట్టాలని చూశాడు. పాతికేళ్ళుగా బొమ్మతోనే బతుకుతున్న మనిషి. మాకు తెలియనిదేదో ఆయనకి తెలిసింది.

తిరిగొస్తుంటే దారిలో అన్నాడు. "నా దగ్గర నాలుగు డిష్షులున్నాయి, ముప్పై ఆంప్లిఫైయర్లున్నాయి, ఎనిమిదిమంది మనుషులున్నారు. ఆ బొమ్మ నా దగ్గర రాదమ్మా. ఆవిడ ఒక్కత్తీ నా తుప్పు రేకు మీంచి రప్పించింది."

ఆఫీసు మెట్ల మీద నిచ్చెన కాచుక్కూర్చున్నాడు. "ఏం చెయ్యమంటారండీ? రేకులు..."

"ఒరే, రేకులు విప్పి గెలిస్తే గెలిచింది నేనవుతానా, సుత్తవుతుందా?" అని లోపలికెళ్ళిపోయాడు.

ఆయన మనసులో ఏముందో ఆ పది రోజులూ నాకు పూర్తిగా చెప్పలేదు. గోదాములో మాత్రం మేస్త్రీ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

చెప్పిన రోజుకి అధికారి వచ్చాడు. చూద్దామని నేనూ వెంట నడిచాను. మెడలో మీటరు, చంకలో మ్యాపు. మంచివాడే, కానీ మ్యాపులో ఉన్నదే నమ్మేరకం. ఊరి మిగతా వీధుల్లో నూటయాభై చిల్లర ఇళ్ళు తేలాయి. పల్లపు వీధి మొదట్లోనే ఆగిపోయాడు.

"ఇక్కడ చూడక్కర్లేదమ్మా. మ్యాపులో ఇదంతా నలుపు. సిగ్నల్ రాదు."

"మ్యాపు తర్వాత చూద్దురుగాని సార్, ముందు మీటరు చూడండి," అంది టవరమ్మ.

ఆయన మీటరు టవరు వైపు ఎత్తాడు. ఏమీ లేదు. 'చెప్పానా' అన్నట్టు చూశాడు.

"వెనక్కి తిరగండి సార్," అన్నారు వీధిలో నలుగురైదుగురు ఒక్కసారే.

ఆయన తిరిగాడు. ముల్లు లేచింది. మీటరు కొట్టి చూసుకున్నాడు, మళ్ళీ తిరిగాడు, మళ్ళీ లేచింది. పిల్లలకి నవ్వాగలేదు. ఆయనకీ నవ్వొచ్చింది. ఇంటింటికీ వెళ్ళి అరవైరెండు ఇళ్ళలో బొమ్మ చూశాడు. కానీ రాసుకునే ముందు కలం ఆపేశాడు.

"మీ పని మెచ్చుకోవాల్సిందేనమ్మా. కానీ ఇదొక ప్రైవేటు గోడ మీంచి వస్తోంది. ఆయన రేపు పడగొడితే? గోడ యజమాని రాసిస్తే తప్ప నేను లెక్కలోకి తీసుకోలేను."

వీధి మొత్తం నా వైపు చూసింది. టవరమ్మ చూడలేదు. ఆవిడ సంచీలో మీటరు సర్దుకుంటోంది.

నేను పరుగెత్తుకెళ్ళాల్సిన పనిలేకపోయింది. బాబాయి వీధి చివర్నించి నడిచొస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అధికారికి నమస్కారం పెట్టి, "కాగితమివ్వండి," అన్నాడు. మామ్మ అరుగు మీద కూర్చుని, టవరు ఉన్నంతకాలం గోదాము పడమటి గోడ రేకులు తీయననీ, పాడైతే కొత్తవి వేయిస్తాననీ రాసి సంతకం పెట్టాడు.

"మరి ఇటుకలు?" అంది టవరమ్మ.

"కట్టేశాం మేడమ్. రేకుల వెనకాల, లోపలివైపు. గోదాము రెండడుగులు తగ్గింది, అంతే." కాగితం అధికారికి అందించాడు. "మీరు చెప్పకుండా వాడుకుని ఉంటే ఎప్పుడో విప్పేసేవాణ్ణి. చెప్పి నా చేతులు కట్టేశారు."

"అలా అనుకుని చెప్పలేదండీ."

"తెలుసు. అందుకే కట్టుబడ్డాయి."

టవరు నిలిచింది. అధికారి వెళ్ళాక ఆర్నెల్లకి, మా ఊళ్ళో జరిగిన పని చూసి మిగతా కొండ ఊళ్ళలో కూడా అలాంటి దారులు వెతకమని పైఆఫీసు ఆవిడకే పురమాయించిందట. టవరు దగ్గర ఇంకో మనిషి కావాలని ప్రకటన వచ్చింది. పల్లపు వీధిలో సగం మంది మా చిన్న కట్టకి తిరిగొచ్చారు, ఏంటెన్నా తీయకుండానే. మిగతా సగం రాలేదు. బాబాయి వాళ్ళ కోసం ఇంకా ఏవేవో చేస్తూనే ఉన్నాడు, ఆవిడా చేస్తూనే ఉంది. ఇద్దరూ బజార్లో ఎదురైతే నిలబడి వైర్ల గురించి గంట మాట్లాడుకుంటారు. పిన్ని కూరగాయల సంచీతో పక్కన నిలబడి విసుక్కుంటుంది.

ఆ ప్రకటనకి నేను దరఖాస్తు పెట్టాను. బాబాయికి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. విని, నా ఫోను వైపు, నా కుర్చీ వైపు చూశాడు.

"శత్రువుల్లో కలిసిపోతున్నావన్నమాట."

"నువ్వే కదా బాబాయ్, సరిగ్గా చూసి రమ్మని పంపించావు."

"పంపింది చూసిరమ్మని. ఉండిపొమ్మని కాదు." అని, ఆ ఉద్యోగానికి పెట్టే పరీక్షకి చదువుకోవడానికి తన పాత పుస్తకాలు రెండు అటక మీంచి తనే దింపి దుమ్ము దులిపి ఇచ్చాడు.

ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే కొండ మెట్లెక్కి, రొప్పుతూ ఆ చిన్న గది గుమ్మంలో నిలబడ్డాను. లోపల యంత్రం సన్నగా మూలుగుతోంది. కిటికీలోంచి ఊరు ఊరంతా కనపడుతోంది. టవరమ్మ నన్ను చూసి తలూపింది. ఏం నేర్పుతుందో, ఎక్కణ్ణించి మొదలుపెడుతుందో అని నేను నోట్‌పుస్తకం తీశాను.

"అది తర్వాత. చెప్పులు బయట విప్పు. ముందు ఆ గుడ్డ తీసుకో, ఈ యంత్రానికి దుమ్ము పడదు," అంది.